రెండు అలవాటుకి, రెండు ఆశకి

మా ఆవిడకి కొలతలంటే గౌరవం లేదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి చర్చికి ఎన్ని మైళ్ళో చెప్పడం దాకా అన్నీ ఆవిడ నోటికి ఎంత వస్తే అంతే. నేనేమో ఉద్యోగం చేసినన్నాళ్ళూ వంతెనలు కట్టినవాణ్ణి. గీత ఒక వెంట్రుకవాసి పక్కకి పోతే నాకు అన్నం సహించదు. ఈ ఇద్దరూ ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశారని మా అమ్మాయి అప్పుడప్పుడు ఆశ్చర్యపోతుంటుంది. నాకూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అందులోనూ మనుషుల ఎత్తు దగ్గర ఆవిడ మరీ ఉదారురాలు. దానికి కారణం ఉంది. అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో, మా తెలుగు చర్చిలో ఏ పెళ్ళి సంబంధమైనా ఆవిడ చేతుల మీదుగా కుదరాల్సిందే. అమ్మాయి ఐదడుగులుంటే ఐదూ రెండు అని చెబుతుంది. అబ్బాయి ఐదూ ఆరుంటే ఐదూ ఎనిమిది అంటుంది. ఇదేం అబద్ధమే అంటే, "అబద్ధమేంటండీ? అందరూ రెండు కలిపే చెప్తారు. మనం కలపకపోతే, కలిపే ఉంటారనుకుని అవతలివాళ్ళు అందులోంచి ఇంకో రెండు తీసేస్తారు" అని నా మీదే ఎగురుతుంది. మా పెళ్ళిచూపులప్పుడు మా ఇద్దరి ఎత్తూ అలా పెంచి చెప్పినవే. ఇద్దరికీ సమానంగా పెంచారు కాబట్టి, పక్కపక్కన నిలబడితే తేడా మాత్రం చెప్పినంతే వచ్చింది.

ఈ అలవాటు తిన్నగా బేస్‌బాల్ మైదానంలోకి వచ్చి పడుతుందని నేను కల్లో కూడా అనుకోలేదు.

మా మనవరాలికి పదకొండేళ్ళు. క్లాసులో అందరికంటే పొట్టి. ఊళ్ళో పిల్లల బేస్‌బాల్ టీమ్‌లో ఆడుతుంది. మా అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ ఫార్మా కంపెనీల్లో పనిచేస్తారు కాబట్టి ప్రాక్టీసుకి దింపడం, ఎండలో కూర్చోవడం, ఓడినా గెలిచినా ఐస్‌క్రీమ్ కొనిపెట్టడం మా పని.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. పిచర్ బంతి విసురుతాడు, బ్యాటు వెనక కూర్చుని క్యాచర్ పట్టుకుంటాడు. బ్యాటు పట్టుకుని నిలబడ్డ పిల్ల ముందు గాలిలో కనబడని కిటికీ ఒకటుంటుంది. కింద మోకాళ్ళు, పైన చంకలు, అదీ ఆ కిటికీ ఎత్తు. బ్యాటు తిప్పకుండా ఊరికే నిలబడ్డా, బంతి ఆ కిటికీలోంచి వెళితే స్ట్రైక్. మూడు స్ట్రైకులైతే అవుట్. కిటికీ బయట నుంచి వెళితే బాల్. నాలుగు బాల్స్ పడితే ఆ పిల్ల దర్జాగా మొదటి బేస్ అనే మజిలీకి నడిచి వెళ్ళొచ్చు. దాన్ని వాక్ అంటారు.

క్రికెట్ చూస్తూ పెరిగిన మాకు ఈ రెండు మాటలూ ఒక పట్టాన కొరుకుడుపడలేదు. మాకు విసిరిన ప్రతిదీ బాలే. ఇక వాక్ చేయడమంటే, అంపైర్ వేలెత్తకముందే నేను అవుటేనని ఒప్పుకుని పెద్దమనిషిలా వెళ్ళిపోవడం. ఇక్కడేమో వాక్ చేస్తే చప్పట్లు కొడతారు. మొదటి రోజు అవతలి పిచర్ బంతిని ఎక్కడో నేలకేసి కొడితే మా ఆవిడ జాలిపడి "గుడ్ బాల్! గుడ్ బాల్!" అని అరిచింది. బాల్ అంటే ఇక్కడ చెడ్డదే తల్లీ అని చెవిలో చెప్పాను. "చెడ్డదైతే మన పిల్లకి మంచిదేగా" అంది. ఆ తర్వాత ఎవరు చెప్పినా ఆ అరుపు ఆగలేదు.

నిజానికి మా మనవరాలు బ్యాటు తిప్పగా నేను చూసింది తక్కువ. దాని బలమంతా తిప్పకపోవడంలోనే ఉంది. పొట్టిపిల్ల కాబట్టి దాని కిటికీ కూడా పొట్టిదే. అందులోకి బంతి విసరడం పిచర్లకి చేతకాదు. అది గుడ్లప్పగించి చూస్తూ నిలబడుతుంది, నాలుగు బాల్స్ పడతాయి, బ్యాటు కింద పెట్టి వెళ్ళిపోతుంది. నాకు ఆ తెలివి ఎంతో నచ్చేది.

అక్కడి అంపైర్ కూడా నచ్చేవాడు. బాగా పెద్దాయన. ఒకప్పుడు స్కూల్ బస్సు నడిపేవాడట. బొజ్జ మీద రక్షణ కవచం, మొహానికి ఇనప జాలీ. క్యాచర్ వెనక అంత లావు మనిషి అలా వంగి కూర్చుంటే మళ్ళీ లేస్తాడా అని మాకు భయం వేసేది. గొంతు మాత్రం పార్కింగ్ లాట్ దాకా వినబడేది.

నిరుడు వసంతంలో ఈ ఆటలు నడిపే లీగ్‌వాళ్ళు ఒక మెషీన్ తెచ్చారు. స్తంభాల మీద కెమెరాలు, కంచె దగ్గర ఒక టీవీ. అంపైర్ చెప్పింది తప్పనిపిస్తే పిచర్ గానీ క్యాచర్ గానీ బ్యాట్ చేసే పిల్ల గానీ నెత్తి మీద తట్టుకోవాలి. వెంటనే టీవీలో కిటికీ బొమ్మ, బంతి బొమ్మ వస్తాయి. ఏది నిజమో ఒక ఆడగొంతు ప్రకటిస్తుంది. మా ఆవిడ రోజూ నన్ను చూసి నెత్తి కొట్టుకుంటుంది గానీ, అది అప్పీలని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. ఆ సీజన్ అంతా మెషీన్‌ని పరీక్షించి, బాగా పనిచేస్తే బాల్సూ స్ట్రైకులూ పూర్తిగా దానికే అప్పగించేద్దామని లీగ్‌వాళ్ళ ఆలోచన. అప్పుడు పెద్దాయనతో ఇక పని ఉండదు.

కిటికీ కొలవాలంటే మెషీన్‌కి ప్రతి పిల్ల ఎత్తూ తెలియాలి. ఒకరోజు ప్రాక్టీసుకి దింపినప్పుడు కోచ్ కారు దగ్గరికి వచ్చి మనవరాలి ఎత్తు అడిగాడు. అది నాలుగడుగుల మూడంగుళాలు.

"ఫోర్ సెవెన్" అంది మా ఆవిడ, రెప్ప కూడా వేయకుండా.

కోచ్ అటు వెళ్ళగానే నేను అందుకున్నాను. "రెండు కలపడం తెలుసు. ఈ నాలుగేంటే?"

"రెండు అలవాటుకి, రెండు ఆశకి. సమ్మర్‌కి ఎలాగూ పెరుగుద్ది కదండీ! మళ్ళీ మళ్ళీ ఏం చెప్తాం?"

"అమ్మమ్మా, ఐ యామ్ ఫోర్ త్రీ. నువ్ ఎందుకు అలా చెప్పావ్?" అంది వెనక సీట్లోంచి మనవరాలు.

"నోర్మూసుకుని షూస్ వేసుకో. ఎత్తు తక్కువ చెప్పుకుంటారా ఎవరైనా!"

నేను లెక్క వేశాను. పిల్ల ఎత్తు నాలుగు అంగుళాలు పెరిగితే కిటికీ పైఅంచు మూడు అంగుళాలు పైకి జరుగుతుంది. అంటే దాదాపు ఒక బంతి పట్టేంత. ఆ సంగతి చెబితే, మీ వంతెన లెక్కలు పసిపిల్ల మీద వేయకండి అని కసురుకుంది.

తర్వాత ఏమవుతుందని భయపడ్డానో అదే అయింది. బంతి మా పిల్ల గడ్డం కింద నుంచి దూసుకుపోయింది. "బాల్!" అన్నాడు పెద్దాయన. క్యాచర్ నెత్తి మీద తట్టుకున్నాడు. టీవీలో బంతి కిటికీ పైఅంచుని తాకుతూ కనబడింది. ఆడగొంతు తీయగా "స్ట్రైక్" అంది. పెద్దాయన ఆ టీవీ వంక చూసి, చెయ్యెత్తి, తన మాట తనే మార్చుకున్నాడు. ఆ వార్త మిగతా టీములకి పాకడానికి ఎంతో కాలం పట్టలేదు. ఈ పొట్టిపిల్లకి పైకి విసరండి, అంపైర్ ఏమన్నా నెత్తి తట్టుకోండి. వాక్ చేయడమే వృత్తిగా పెట్టుకున్న మా మనవరాలు వరసగా అవుటై వస్తుంటే నాకు కడుపు మండిపోయేది. మిగతా పిల్లలందరి దగ్గరా పెద్దాయన మాట నెగ్గేది. మా పిల్ల నిలబడితే చాలు, మెషీన్ ఆయన్ని అందరి ముందూ గుడ్డివాణ్ణి చేసేది.

"కోచ్‌కి ఫోన్ చేసి నిజం చెప్పేయవే" అన్నాను.

"చెప్పిన మాట వెనక్కి తీసుకుంటే మన మాటకి విలువేముంటుందండీ? మెషీన్‌ని మార్చడం ఎందుకు? పిల్లని మారిస్తే పోలా?"

అక్కణ్ణుంచి మా ఇంట్లో పిల్లని సాగదీసే కార్యక్రమం మొదలైంది. స్కూల్ నుంచి రాగానే రాగిజావ. లాండ్రీ గది గుమ్మానికి ఒక కడ్డీ బిగించి, దానికి వేలాడమనేది. అది వేలాడుతుంటే కింద నిలబడి పాదాలు పట్టుకుని మెల్లగా లాగేది. సోఫాలో ముడుచుకుని కూర్చుంటే కేకలు. ఆదివారం చర్చి నుంచి రాగానే గోడకి నిలబెట్టి నేను మూలమట్టం పెట్టి కొలిచేవాణ్ణి.

"తాతయ్యా, ఐ యామ్ నాట్ ఎ బ్రిడ్జ్!" అనేది అది.

వంతెనైతే ఎండకి కాస్తయినా సాగేది. ఇది అంగుళం కదలలేదు.

ఇలా ఉండగా ఒక ఆటలో బంతి మొహం మీదకి వస్తే మా పిల్ల తప్పించుకోబోయి వెల్లకిలా పడింది. బంతి క్యాచర్‌ని దాటి కంచె వైపు దొర్లిపోయింది. మూడో బేస్ నుంచి మా పిల్ల టీమ్‌లోని పిల్లాడు పరుగెత్తుకొస్తున్నాడు. అది సరిగ్గా చూడాలి కదా, పెద్దాయన కంగారుగా పక్కకి జరుగుతూ మా పిల్ల కాళ్ళ మీంచి ఒక్క అంగ వేశాడు.

"అయ్యో, దాటేశాడు!" అని మా ఆవిడ లేచి నిలబడింది. మా పక్కన కూర్చున్న ఇంకో ఇద్దరు తెలుగు అమ్మమ్మలు కూడా "అయ్యయ్యో" అన్నారు. తక్కిన జనం ఎవరికో దెబ్బ తగిలిందనుకుని లేచారు.

పడుకున్న పిల్లని దాటితే ఇక ఎదగదని మనకో నమ్మకం. దాటినవాళ్ళే మళ్ళీ వెనక్కి దాటాలి. "ఇవన్నీ బైబిల్లో ఎక్కడున్నాయే?" అని నేను అడిగితే, "దాటమని కూడా లేదుగా!" అంది. ఆట అవగానే మనవరాలి రెక్క పట్టుకుని పెద్దాయన దగ్గరికి బయల్దేరింది. పరువు పోతుందని నేనూ వెనకాలే పరుగెత్తాను.

ఆయన కవచం విప్పుకుంటున్నాడు. మా ఆవిడ తనకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం విషయం వివరించింది. మీరు దాటారు, పిల్ల ఆగిపోతుంది, దయచేసి మళ్ళీ వెనక్కి దాటండి. మనవరాలు చేతుల్లో మొహం దాచుకుంది. ఆయన నవ్వుతాడని నేను సిగ్గుతో సిద్ధంగా ఉన్నాను. ఆయన నవ్వలేదు.

"మేమూ ఆ తెల్లగీతని తొక్కం మేడమ్" అన్నాడు, మైదానంలో సున్నంతో గీసిన గీత చూపించి. "తొక్కితే ఆ రోజు ఆట పాడవుతుందంటారు. నేను చిన్నప్పట్నుంచీ తొక్కలేదు. ఎటు నుంచి ఎటు దాటాలో చెప్పండి."

మనవరాలు గడ్డి మీద పడుకుంది. ఆయన మోకాలు పట్టుకుని, ఉస్సురంటూ, జాగ్రత్తగా అటు నుంచి ఇటు దాటాడు. "సరిగ్గా చేశానా?" అని అడిగాడు. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఆవిడ మాటని అంత వినయంగా విన్నది లేదు, ఒప్పుకోవాలి.

అప్పుడు చూశాను, ఆయన కళ్ళకి కొత్త అద్దాలున్నాయి.

"డాక్టర్ దగ్గరికి వెళ్ళాను" అన్నాడు నా చూపు గమనించి. "నా కళ్ళకి ఏమీ లేదన్నాడు. అయినా పట్టుబట్టి రాయించుకున్నాను. ఏం లాభం? మీ మనవరాలు వచ్చి నిలబడితే చాలు, నా కళ్ళు నన్ను మోసం చేస్తున్నాయి. వచ్చే శనివారం ఆఖరి ఆట చేసి మానేస్తానని లీగ్‌వాళ్ళకి చెప్పేశాను. కళ్ళు కనబడనివాడు క్యాచర్ వెనక కూర్చోకూడదు."

కారులో మనవరాలే అంది. "హి వాజ్ రైట్, అమ్మమ్మా. ఎవ్రీ టైమ్. ఆ బాల్ నా చిన్ దగ్గర వచ్చింది. ఐ సా ఇట్."

ఇంటికొచ్చాక మా ఆవిడ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. "నిక్షేపంలాంటి కళ్ళకి అద్దాలు పెట్టుకున్నాడండీ, నా మూలంగా" అంది. "నేను దాటమంటే దాటాడు. ఎందుకని కూడా అడగలేదు. అలాంటి మనిషిని నేను గుడ్డోణ్ణి చేశాను."

నేను గుట్టుచప్పుడు కాకుండా కోచ్‌కి ఫోన్ చేశాను. మధ్యలో ఎత్తు మార్చాలంటే ఆట మొదలయ్యే ముందు మైదానంలోనే, ఇద్దరు కోచ్‌లూ అంపైరూ చూస్తుండగా కొలవాలన్నాడు. పోతే ఆ శనివారమే మా చర్చివాళ్ళంతా ఆట చూడటానికి వస్తున్నారు. ఆదివారం పాస్టర్ గారు స్వయంగా అనౌన్స్ చేశారు. ఇక్కడ నాలుగు అంగుళాలు బయటపడితే, ఆవిడ కుదిర్చిన పెళ్ళిళ్ళలోని అంగుళాలన్నీ తిరగబడతాయి.

ఆ సంగతి ఆవిడకి చెప్పి, "మన అమ్మాయిని వెళ్ళమందాం" అన్నాను.

"నోరు నాది. దానికేం సంబంధం?" అంది.

శనివారం కోచ్ టేపు తెచ్చాడు. మనవరాలు కంచె స్తంభానికి ఆనుకుని నిలబడింది. నాలుగడుగుల నాలుగంగుళాలు. ఒక అంగుళం పెరిగింది! మా ఆవిడ నా వైపు తిరిగి, చూశారా, వెనక్కి దాటించాను కదా అన్నట్టు కళ్ళెగరేసింది. అది రాగిజావ మహిమేమోనన్న నా అనుమానం నేను బయటపెట్టలేదు.

దాంతో పని అయిపోయినట్టే. ఎత్తు మారింది, పిల్లకి న్యాయం జరిగింది, నోరు విప్పాల్సిన అవసరం లేదు. పొరపాటున తప్పు పడిందిలే అని కోచ్ కూడా టేపు చుట్టేస్తున్నాడు. మా ఆవిడ మాత్రం కదల్లేదు. లాల్చీల్లో, చీరల్లో, క్యాప్‌లు పెట్టుకుని కూర్చున్న మా జనం వైపు ఒకసారి చూసింది. కొంగు దోపుకుంది. తెల్లగీతని తొక్కకుండా దాటి, నడుచుకుంటూ మైదానం మధ్యలోకి వెళ్ళింది. అంపైర్ వేలెత్తలేదు, ఎవరూ అప్పీల్ చేయలేదు. క్రికెట్‌లో వాక్ చేయడమంటే ఏంటో నేను ఆ రోజు బేస్‌బాల్ మైదానంలో చూశాను.

"హిజ్ ఐస్ ఆర్ గుడ్!" అని గట్టిగా అరిచింది, పెద్దాయన్ని చూపించి. "మై మౌత్ ఈజ్ బ్యాడ్! ఐ టోల్డ్ ఫోర్ ఇంచెస్ ఎక్‌స్ట్రా! టూ ఫర్ హ్యాబిట్, టూ ఫర్ హోప్! మెషీన్ బిలీవ్డ్ మీ. హి డిడ్ నాట్!"

మా వరసలోంచి ఒకావిడ లేచింది. ఆవిడ కొడుక్కి సంబంధం కుదిర్చింది మా ఆవిడే.

"అయితే వదినా, మా కోడలి హైట్ సంగతేంటి?"

"పెళ్ళికి పనికొచ్చేది ఆటకి పనికిరాదు వదినా! మీవాడి హైట్ కూడా నేనే చెప్పాను, అది మర్చిపోకండి!"

ఆవిడ ఠక్కున కూర్చుంది. పాస్టర్ గారు నవ్వాపుకోలేక సీసాలో నీళ్ళన్నీ తాగేశారు.

ఆట మొదలైంది. మా పిల్ల బ్యాటు పట్టుకుని నిలబడింది. అవతలి పిచర్‌కి అలవాటైన దారే, గడ్డం కిందకి విసిరాడు. పెద్దాయన అద్దాలు సర్దుకున్నాడు.

"బాల్" అన్నాడు, ఎప్పుడూ లేనంత చిన్నగా.

క్యాచర్ నెత్తి మీద తట్టుకున్నాడు. అందరం టీవీ వైపు తిరిగాం. బంతి కిటికీకి పైన, మధ్యలో జాగా వదిలి, హాయిగా ఎగిరిపోయింది. "బాల్" అంది ఆడగొంతు.

"గుడ్ బాల్!" అని మా ఆవిడ గొంతు చించుకుంది. ఈసారి మా వరసంతా అరిచింది. పెద్దాయన మొహమ్మీద జాలీ తీశాడు. అద్దాలు కూడా తీసి, మడిచి, ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. "యెస్ మేడమ్, గుడ్ బాల్" అన్నాడు. తర్వాతి మూడు బాల్స్‌కీ ఆయన అరిచిన అరుపులకి పార్కింగ్ లాట్‌లో కుక్క ఒకటి మొరిగింది. మా మనవరాలు బ్యాటు కింద పెట్టి దర్జాగా నడిచి వెళ్ళింది.

ఆయన మానలేదు. మెషీన్ కూడా ఉంది, అప్పీలొస్తే చెబుతుంది, లేకపోతే నోరు మూసుకుని ఉంటుంది. ఈ ఏడాది నుంచి ఇళ్ళవాళ్ళు చెప్పే ఎత్తులు నమ్మకూడదని లీగ్‌వాళ్ళు తీర్మానించారు. పిల్లలందర్నీ ఎవరు కొలవాలన్న ప్రశ్న వస్తే, పెద్దాయన మా ఆవిణ్ణి చూపించాడట. ఇందులో మోసాలన్నీ తెలిసిన మనిషైతేనే మంచిదని ఆయన అభిప్రాయం. జీవితమంతా కొలతలతో బతికిన నన్ను ఒక్కడూ అడగలేదు.

మొన్న మొదటి ప్రాక్టీసు నాడు మా ఆవిడ స్తంభం దగ్గర టేపు పట్టుకుని నిలబడింది. మునివేళ్ళ మీద లేచే మగపిల్లల బుర్ర మీద మొట్టికాయ. "ప్లీజ్ ఆంటీ, ఒన్ ఇంచ్" అని బతిమాలిన ఒక తెలుగు అమ్మాయికి, "పెళ్ళికి రావే, అప్పుడు చూద్దాం" అని సమాధానం. అందరూ అయ్యాక పెద్దాయన్ని కూడా పిలిచింది. ఆయన బొజ్జ లోపలికి పీల్చి బుద్ధిగా నిలబడ్డాడు. ఐదడుగుల ఎనిమిదంగుళాలు.

"నా డ్రైవింగ్ లైసెన్స్‌లో ఐదూ పది అని ఉంటుంది మేడమ్" అన్నాడు మెల్లగా.

మా ఆవిడ ఆయన్ని ఆపాదమస్తకం ఒకసారి చూసింది. టేపు చుట్టేస్తూ నా వైపు తిరిగింది.

"మనవాడేనండీ" అంది.